డిగ్రీ అడగడం మానేస్తే పబ్లిషింగ్‌లోకి అందరూ వచ్చేస్తారా?

కృష్ణాతీరం: 2016 జనవరిలో పెంగ్విన్ రాండమ్ హౌస్ బ్రిటన్ శాఖ ఇకపై ఉద్యోగాలకు డిగ్రీ తప్పనిసరి కాదంది. రకరకాల నేపథ్యాలవాళ్ళు రావాలట. పుస్తకాలు వేసే కంపెనీకే చదువు అక్కర్లేకపోతే ఇంకెవరికి కావాలండీ?

అచ్చుతప్పు: చదువు అక్కర్లేదని వాళ్ళు అనలేదు. పట్టా అడగం అన్నారు. నేను ఇంటర్‌తో ఆపేశాను. పద్దెనిమిదేళ్ళుగా చెన్నైలో ఇంగ్లిష్ పుస్తకాలకు లేఅవుట్, ప్రూఫులు చూస్తున్నాను. సాయంత్రం లండన్ నుంచి ఫైళ్ళు దిగుతాయి, తెల్లారేసరికి తిరిగి పంపాలి. మొన్న ఒక నవల్లో 12వ అధ్యాయంలో చచ్చిపోయినాయన 15లో కూర్చుని టీ తాగుతున్నాడు. డిగ్రీలున్న ముగ్గురు ఎడిటర్లను దాటి నా దాకా వచ్చాడాయన.

పొద్దుతిరుగుడు: 😂 పాపం, టీ అయినా తాగనివ్వాల్సింది.

కృష్ణాతీరం: మీరొక్కరు బాగా చేస్తున్నారని రూలే తీసేస్తారా? నాది ఎం.ఏ. ఇంగ్లిష్, యూనివర్సిటీ సెకండ్ ర్యాంక్. హైదరాబాద్‌లో ఒక ప్రచురణ సంస్థ ఇంటర్వ్యూకి వెళ్తే, "మీ ఇంగ్లిష్‌లో తెలుగు యాస కొడుతోంది" అని పంపేశారు. ఎడిటింగ్‌కీ యాసకీ ఏం సంబంధం?

పొద్దుతిరుగుడు: అదేనండీ వైవిధ్యం లేకపోవడమంటే.

కృష్ణాతీరం: మాట మార్చకండి. నేనడిగింది డిగ్రీ గురించి.

జెర్సీ బాబాయ్: అమెరికాలో లీ అండ్ లో అనే పిల్లల పుస్తకాల సంస్థ 2015లో ఈ రంగం మీద సర్వే చేస్తే సిబ్బందిలో 79 శాతం తెల్లవాళ్ళు. 2019లో మళ్ళీ చేస్తే 76. నాలుగేళ్ళు మాట్లాడితే వచ్చిన తేడా అది.

కృష్ణాతీరం: అది అమెరికా లెక్క. నేను చెప్పింది బ్రిటన్ సంగతి.

జెర్సీ బాబాయ్: ఎక్కడైనా అసలు సంగతి జీతం. 2022 నవంబర్ 10న న్యూయార్క్‌లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ ఉద్యోగులు దాదాపు 250 మంది సమ్మెకు దిగారు. మొదటి జీతం ఏడాదికి 45 వేల డాలర్లు, దాన్ని 50 వేలు చెయ్యమన్నారు. వైవిధ్యం గురించి చెప్పే మాటలు ఒప్పందంలో రాయమని కూడా అడిగారు. మా అమ్మాయి వేరే పబ్లిషర్ దగ్గర చేరినప్పుడు ముగ్గురితో కలిసి ఫ్లాట్‌లో ఉండేది. అద్దెకి నెలనెలా 900 డాలర్లు నేను పంపాను. పంపే నాన్న లేనివాళ్ళు ఆ ఉద్యోగంలో ఎన్నాళ్ళుంటారు?

అచ్చుతప్పు: బాబాయ్ గారూ, అక్కడ 45 వేల డాలర్లు చాలక సమ్మె. ఇక్కడ మాకు పేజీకి ఇంతని లెక్క. ఆ 79, 76లో మేమున్నామా? ఒకోసారి కాపీరైట్ పేజీలో మా కంపెనీ పేరు చీమ తలకాయంత వేస్తారు. మనుషుల పేర్లు ఎక్కడా ఉండవు.

కృష్ణాతీరం: డిగ్రీ అడగకుండా తీసుకుంటే జీతం అలాగే ఉంటుంది మరి!

అచ్చుతప్పు: ఇప్పుడు బయటపడ్డారు! మీ బాధ చదువు గురించి కాదు. పట్టా లేనివాడు మీ పక్క కుర్చీలో కూర్చుంటాడేమోనని.

మౌనశ్రోత: వ్యక్తిగతంగా వెళ్ళకండి ఇద్దరూ.

కృష్ణాతీరం: వెళ్ళనివ్వండి. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదట. ఉన్న రెండెకరాల్లో ఒకటి అమ్మి నాన్న చదివించారు. ఎవరూ తెలియని చోట నేను చూపించగలిగింది ఆ కాగితమొక్కటే. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడుకునేవాళ్ళకి అది లేకపోయినా గడుస్తుంది. ఇప్పుడు కాగితం చూడం అంటున్నారు. మరి ఏం చూస్తారు? యాసే కదా?

పొద్దుతిరుగుడు: ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది మీరు.

అచ్చుతప్పు: మాకు అమ్మడానికి ఎకరం లేదండీ, అందుకే ఇంటర్. మీరన్న యాస సంగతి నేను ఆలోచించలేదు, నిజమే. మాతో మాట్లాడేవాళ్ళెవరూ లేరు, అంతా మెయిళ్ళే. అయినా కాగితం అడగాలంటే మాత్రం ఒప్పుకోను. 340 పేజీల ఫైలు దిగింది, రేపు చూస్తాను.

మౌనశ్రోత: బాబాయ్ గారూ, సమ్మె చివరికేమైంది?

జెర్సీ బాబాయ్: మూడు నెలలు నడిచి 2023 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. అప్పటికి 47,500, 2025కల్లా 50 వేలు. ఈలోపు అద్దెలు ఆగాయా మరి?