విలేఖరికి మన కథ చెప్పాలంటే: ఒక్కరికా, పదిహేనుమందికా?

డాలస్ విద్యార్థి: 2025 ఏప్రిల్‌లో అమెరికాలో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ (వాళ్ల వివరాలు ఉంచే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దయ్యాయి కదా, అందులో నాదీ ఒకటి. పాత ట్రాఫిక్ చలానా తప్ప నా మీద ఏమీ లేదు. తరువాత రికార్డు తిరిగొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. వాషింగ్టన్‌లో విదేశాంగ వ్యవహారాలు, వలస చట్టాల గురించి రాసే పదిహేనుమంది విలేఖరుల ఈ-మెయిళ్లు సంపాదించాను. అందరికీ ఒకేసారి పంపేయనా? మా గదిలో ఒకడు వద్దంటున్నాడు.

పాత డెస్కు: అతని మాట వినండి. పదిహేనుమందికి వెళ్లిన ఉత్తరాన్ని ప్రతివాళ్లూ పక్కవాళ్లు చూసుకుంటారులే అని వదిలేస్తారు. ఈ విషయం మీద ఇప్పటికే రాసిన ఒక్కరిని ఎంచుకోండి. మీ బాధ నాలుగు పేరాలు వద్దు. రద్దయిన తేదీ, కారణంగా చూపిన వాక్యం, చలానా కాగితం, అంతే. ప్రభుత్వ ఉద్యోగులు 13 లక్షల విదేశీ విద్యార్థుల పేర్లను నేర రికార్డులతో పోల్చి చూశారనీ, దాదాపు 6,400 సరిపోలాయనీ బయటపడింది కోర్టులోనే. ఆ పోలికకు మీ చలానా ఎలా చిక్కిందో మీ దగ్గర రుజువుంది. చట్టం మీద రాసే విలేఖరికి కావలసింది అదే.

ఎడిసన్ అక్క: డెస్కు గారూ, ఆ ఒక్కరూ సెలవులో ఉంటే? రికార్డులు పునరుద్ధరిస్తున్నామని ప్రభుత్వం ఏప్రిల్ 25న కోర్టుకు చెప్పేసింది. మర్యాద కోసం రెండు వారాలు ఎదురుచూసినవాళ్ల కథ ఆ రోజుతో పాతబడింది. పంచిపెట్టండి, ఎవరికి ఆకలి ఉంటే వాళ్లు తీసుకుంటారు.

పాత డెస్కు: రెండు వారాలు ఆగమన్నదెవరు? "గురువారం సాయంత్రం వరకు మీకే" అని మొదటి పేరాలోనే రాయాలి. గడువు దాటితే రెండోవారికి.

ఎడిసన్ అక్క: అంత ఓపిక ఉన్నవాళ్లకు సరే.

వీసా లాయరు: ఎందరికి అన్నది తరువాత. తమ్ముడూ, పేరు వేయకూడదన్న షరతు మీద విలేఖరి ఒప్పుకున్నాకే నోరు విప్పు. అంతా చెప్పేశాక "ఇది రాయకండి" అంటే వాళ్లు వినాలన్న నియమం లేదు. పాస్‌పోర్టు నకలు మొదటి ఉత్తరంలో అసలే జతచేయకు. నీ వీసా మళ్లీ పరిశీలనకు వస్తే అచ్చయిన ప్రతి మాటా అధికారి ముందుంటుంది.

డాలస్ విద్యార్థి: "నా గోడు వినండి" అన్న శీర్షిక తీసేసి, "చలానాతో రద్దయిన విద్యార్థి రికార్డు: పత్రాలున్నాయి" అని పెట్టాను. ఒక్కరికే పంపాను. అక్కా, శుక్రవారం పొద్దునకి జవాబు రాకపోతే మీ దారే.