చర్చ: ప్రేమ సినిమాకి లాజిక్ మాఫీనా?

రెండోఆట:
మా ఇంట్లో మళ్ళీ ‘సీతారామం’ (2022) పెట్టారు. అనాథ సైనికుడికి ముక్కూమొహం తెలియని అమ్మాయి ‘నీ భార్యని’ అంటూ ఉత్తరాలు రాయడం, ఆమె యువరాణి అని తేలడం, అతని ఆఖరి ఉత్తరం ఇరవై ఏళ్ళకి చేరడం... ఒక్కటైనా నమ్మేలా ఉందా? థ్రిల్లర్‌లో చిన్న తప్పు దొరికితే ఏకిపారేస్తాం కదా, ప్రేమకథకి మాత్రం ఈ మినహాయింపు ఎందుకు?

గోదారిగట్టు:
ఇస్తే ఏం పోయిందండీ? ‘గీతాంజలి’ (1989)లో ఇద్దరివీ ప్రాణాంతకమైన జబ్బులే, ఇద్దరూ ఊటీలోనే తారసపడాలి. లెక్కేస్తే అసంభవం. కానీ తన చావు గురించి నవ్వుతూ మాట్లాడే పిల్ల, అతనూ పోతాడని తెలిశాక తట్టుకోలేక వెళ్ళిపొమ్మంటుంది చూడండి, అది నమ్మానా లేదా అన్నదే నాకు లెక్క.

రెండోఆట:
అలాగైతే నటన బాగుంటే కథ ఎలా ఉన్నా సరే అన్నమాట!

వాణి:
కాదండీ. కలవడానికి ఎంత వింతైనా కల్పించుకోనివ్వండి, చూస్తాను. కథ తనే వేసిన ముడిని ఆ వింతతోనే విప్పితే మాత్రం ఒళ్ళు మండుతుంది. ‘మిస్సమ్మ’ (1955) తీసుకోండి. ఉద్యోగం కోసం పెళ్ళికాని ఇద్దరు మొగుడూపెళ్ళాలుగా నటిస్తారు. అబ్బాయి హిందువు, అమ్మాయి క్రిస్టియన్. ఎంత చక్కటి చిక్కు! సావిత్రి విసుగు, ఎన్టీఆర్ సర్దుకుపోవడం, పక్కన ఏఎన్నార్ డిటెక్టివ్ వేషాలు, అంతా హాయిగా నడుస్తుంది. మరి మతం సంగతి ఎలా తేలింది? వాళ్ళు ఉద్యోగానికి చేరిన ఇల్లే ఆమె కన్నవాళ్ళది. చిన్నప్పుడు తప్పిపోయిన కూతురు ఈవిడేనని కాలి మీది పుట్టుమచ్చ తేలుస్తుంది. ఇక గొడవే లేదు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పకుండా ప్రశ్నపత్రమే చింపేసినట్టు!

‘సీతారామం’ అలా తప్పించుకోదు. ఆమె ఎవరో అతనికి తెలుసన్న సంగతి ఉత్తరం చేరితే గానీ ఆమెకి తెలియదు, అప్పటికి అతను లేడు.

గోదారిగట్టు:
1955లో అంతకన్నా ఏం తీస్తారండీ? పెళ్ళికాని జంటని ఒకే ఇంట్లో పెట్టడమే సాహసం. ఆ పుట్టుమచ్చ లేకపోతే మూడు గంటలూ నవ్విన జనమే చివర్లో అలిగేవారేమో.

వాణి:
కావచ్చు. అప్పుడది జనం కోసం చేసుకున్న సర్దుబాటు అనండి, ఒప్పుకుంటాను. ప్రేమకథ కాబట్టి లాజిక్ అడక్కూడదంటే మాత్రం ఒప్పుకోను.

రెండోఆట:
అయితే ‘మిస్సమ్మ’ మీకు నచ్చనట్టేనా?

వాణి:
నచ్చలేదని ఎవరన్నారు? టీవీలో వస్తే వదలను. పుట్టుమచ్చ దగ్గరికి రాగానే లేచి కాఫీ పెట్టుకుంటాను, అంతే.