‘బైట్ ద బులెట్’: తూటా కొరికింది కత్తి కిందా, కొరడా కిందా?

బడిపంతులు: తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ జాతీయాలు చెబుతున్నాను. ‘బైట్ ద బులెట్’ అంటే తప్పించుకోలేని బాధను నోరు మెదపకుండా ఓర్చుకోవడం. మత్తుమందు లేని రోజుల్లో సైనికుడి కాలు కోసేటప్పుడు పళ్ళ మధ్య తూటా పెట్టేవారట, మాట అక్కడే పుట్టిందని గైడులో ఉంది. నిజమేనా?

సిపాయి: కాదండీ. 1857లో మన సిపాయిలు కొవ్వు పూసిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలు కొరకమంటే తిరగబడలేదా? దాన్నుంచే వచ్చుంటుంది.

నిఘంటువు: సిపాయి గారూ, వాళ్ళను పళ్ళతో చింపమన్నది మందుగుండు చుట్టిన కాగితాన్ని, సీసపు గుండును కాదు. పైగా అంతకు 60 ఏళ్ళ ముందే తూటా నమిలే సంగతి అచ్చులో ఉంది. వాడుక మాటలు పోగేసిన ఫ్రాన్సిస్ గ్రోస్ నిఘంటువు 1796 ముద్రణలో ‘నైటింగేల్’ అన్న మాట చూడండి. మామూలుగా అది పాడే పిట్ట. సైన్యంలో మాత్రం కొరడా దెబ్బలకు తాళలేక అరిచినవాడు. ఈటెల్లాంటి ఆయుధాలు నిలబెట్టి, వాటికి మనిషిని కట్టేసి, తొమ్మిది పాయల కొరడాతో కొట్టేవారు. కొన్ని పటాలాల గ్రెనేడియర్లకు, అంటే ఏరి తీసుకున్న సైనికులకు, అరవకపోవడం పరువు. అందుకే తూటా నమిలేవారని గ్రోస్ రాశాడు. నన్ను కదిలించేది ఇదే. వీపు చీలిపోతున్నా తోటివాళ్ళ ముందు గొంతు బయటపడకూడదని ఆ మనిషి పడ్డ యాతన ఈ మాటలో ఉంది.

బడిపంతులు: మరి యుద్ధభూముల్లో పళ్ళ గాట్లున్న తూటాలు దొరికాయి కదండీ?

నిఘంటువు: దొరికాయి మాస్టారూ, కానీ చాలావాటి మీదున్నవి పందుల పళ్ళ గాట్లు. కోతకని వెల్లకిలా పడుకున్నవాడి నోట్లో గోలీకాయంత గుండు పెడితే గొంతులోకి జారదా? చెక్కముక్కో తోలుపట్టీయో నయం. 1846లో బోస్టన్‌లో ఈథర్, మరుసటేడు ఎడిన్‌బరోలో క్లోరోఫామ్ మత్తుమందులుగా వచ్చేశాయి. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో కోతలు చాలావరకు మత్తులోనే జరిగాయి. పిల్లలకు ‘తూటా కొరకడం’ అని మక్కికి మక్కి చెప్పకండి. ‘పంటి బిగువున భరించడం’ మనకు ఉండనే ఉంది. అక్కడా పళ్ళే, అక్కడా మౌనమే.

బడిపంతులు: బాగుంది. కానీ ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న చేదు పనికి ఇక పూనుకోవడాన్ని కూడా ఇప్పుడు ‘బైట్ ద బులెట్’ అంటున్నారు. అక్కడ ‘పంటి బిగువు’ అతకదే?

సిపాయి: దానికి మా ఇంట్లో ‘కళ్ళు మూసుకుని కానిచ్చెయ్’ అంటారండీ.

నిఘంటువు: ఆ అర్థానికి నాకూ అదే సరిపోయిందనిపిస్తోంది.