సి-295 ఆవ్రో స్థానాన్ని భర్తీ చేస్తుంది. ఏఎన్-32 పని కూడా చేయగలదా?

ప్రశ్న:
స్పెయిన్‌లోని సెవిల్లెలో తయారై మన వాయుసేనకు రావలసిన 16 సి-295 రవాణా విమానాలూ 2025 ఆగస్టు నాటికి అందాయి. మిగిలిన 40 విమానాలను వడోదరలో టాటా సంస్థ తయారుచేయవలసి ఉంది. పాత ఆవ్రో రవాణా విమానాలకు బదులుగా తెప్పించిన ఈ విమానం 71 మంది సైనికులను గాని, సుమారు 9 టన్నుల సరుకును గాని మోయగలదని చదివాను. వాయుసేన వాడుతున్న మరో రవాణా విమానం ఏఎన్-32 మోసేది 7 టన్నుల లోపే కదా. అలాంటప్పుడు లేహ్ వంటి ఎత్తైన ప్రాంతాలకూ దీనినే పంపితే సరిపోదా? విమానాలను శ్రద్ధగా గమనించే మిత్రులు దయచేసి తమ అభిప్రాయం తెలుపగలరు.

సమాధానం 1:
వడోదరలో ఇది దిగుతుండగా చూసే అవకాశం నాకు కలిగింది. తక్కువ వేగంలో కూడా ఏమాత్రం తడబాటు లేకుండా రన్‌వే మీదికి వచ్చే తీరు నన్ను ఎంతో ఆకట్టుకుంది. అయితే దీని అసలు విలువ తోక కింద తెరుచుకునే వాలు తలుపులో, అంటే ర్యాంపులో ఉందని నా నమ్మకం. ఆవ్రో ప్రధానంగా ప్రయాణికుల కోసం రూపొందిన విమానం కాబట్టి, ప్రతి పెట్టెనూ పక్క తలుపు గుండా ఎక్కించి లోపల సర్దుకోవలసి వచ్చేది. ఇందులో సరుకు పేర్చిన పలకలను వెనుక నుంచి నేరుగా లోపలికి నెట్టవచ్చు, పారాట్రూపర్లు ర్యాంపు మీదుగానే దూకవచ్చు. 1960ల నాటి విమానంతో నెట్టుకొచ్చిన సిబ్బందికి ఇది ఎంత మేలో మాటల్లో చెప్పలేను.

సమాధానం 2:
పై మిత్రుని మాటతో ఏకీభవిస్తాను, కానీ లేహ్ విషయంలో ప్రశ్నించినవారి లెక్క సరికాదండీ. మోయగల గరిష్ఠ బరువు ఒక్కటే చూసి రెండు విమానాలను పోల్చకూడదు. ఏఎన్-32 గరిష్ఠ బరువు 27 టన్నులు, దాని రెండు ఇంజన్లలో ఒక్కొక్కటి 5,000 అశ్వశక్తికి పైగా ఇస్తుంది. సి-295 దాదాపు 23 టన్నులతో ఎగురుతుంది, కానీ ఒక్కో ఇంజన్ శక్తి 2,645 అశ్వశక్తి మాత్రమే. సముద్ర మట్టానికి 10,000 అడుగులకు పైన ఉన్న లేహ్‌లో గాలి పలచబడి, ఇంజన్ శక్తీ, రెక్కలు విమానాన్ని పైకి లేపే బలమూ రెండూ తగ్గుతాయి. టేకాఫ్ సమయంలో ఒక ఇంజన్ ఆగిపోయినా మిగిలిన దానితో కొండలు దాటేంత ఎత్తుకు ఎక్కగలగాలన్న నియమం ఉన్నందున, అక్కడ బరువును బాగా తగ్గించుకోక తప్పదు. రెక్కల చివర పైకి వంచి అమర్చిన చిన్న భాగాలు (వింగ్‌లెట్లు) ఎత్తులో కొంత సాయపడతాయి గాని, శక్తిలో ఉన్న ఇంత తేడాను అవి పూడ్చలేవు. వేడి వాతావరణంలో, ఎత్తైన స్థలాల్లో పనిచేయడానికనే శక్తిమంతమైన ఇంజన్లతో పుట్టిన విమానం ఏఎన్-32. అందుకే 2008లో లద్దాఖ్‌లోని ఎత్తైన రన్‌వే దౌలత్ బేగ్ ఓల్డీ వంటి చోట దిగగలిగింది.

సమాధానం 3:
నిర్వహణ గురించి ఒక మాట. సి-295లోని పీడబ్ల్యూ127 ఇంజన్ కుటుంబమే ఏటీఆర్-72 విమానాలకూ ఉంది. కడప, రాజమహేంద్రవరం వెళ్లే చిన్న విమానాల్లో ప్రయాణించినవారు ఆ శబ్దం వినే ఉంటారు. ఆ ఇంజన్లను ఎరిగిన మెకానిక్కులు దేశంలో ఇప్పటికే ఉండటం చిన్న లాభం కాదు. పైగా విమాన భాగాల కూర్పు హైదరాబాద్‌లో జరిగి, అవి వడోదరలోని తుది కూర్పు కేంద్రానికి చేరుతున్నాయి. ఒక ప్రైవేటు భారతీయ సంస్థ సైనిక విమానాన్ని పూర్తిగా దేశంలో కూర్చడం ఇదే మొదటిసారి కావడం, అందులో మన నగరానికి భాగం ఉండటం నాకు నిజంగా గర్వంగా ఉంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. అయితే ఏఎన్-32 వారసత్వం దేనికి దక్కాలి?

సమాధానం 2 రాసినవారు:
వాయుసేన 18 నుంచి 30 టన్నుల సరుకు మోయగల మధ్యస్థ రవాణా విమానాన్ని విడిగా చూస్తోంది. సి-390, సి-130జె, ఏ400ఎం పేర్లు అందులో వినిపిస్తున్నాయి. సి-295 లోపలి ఎత్తు 1.9 మీటర్లే, కాబట్టి ఎత్తైన వాహనాలు అందులో పట్టవు. మైదాన ప్రాంతాలకు, ఈశాన్యంలోని చిన్న రన్‌వేలకు, క్షతగాత్రుల తరలింపునకు సి-295ను వాడి, లద్దాఖ్ బరువులను ఆ పెద్ద విమానానికి అప్పగించాలన్నది నా అభిప్రాయం. అది వచ్చేవరకు మాత్రం ఏఎన్-32లను జాగ్రత్తగా నడుపుకోవలసిందే.