మ్యూనిక్‌కు వచ్చి ఐదు వారాలు: ఇల్లు, రాని ఉత్తరాలు, ఇంట్లో ఒంటరితనం

గౌతమీతీరం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన నేను, ఐదు వారాల క్రితం బ్లూ కార్డ్ (విదేశీ నిపుణులకు ఇచ్చే నివాస, ఉద్యోగ అనుమతి) మీద జర్మనీలోని మ్యూనిక్‌కు వచ్చాను. నా భార్య, మూడేళ్లు నిండిన మా పాప కూడా నాతోనే వచ్చారు. మూడు నెలలు ఉండటానికి కంపెనీ వారు సామాను అమర్చిన అపార్ట్‌మెంట్ ఒకటి ఇచ్చారు. ఆ గడువులో ఇక ఎనిమిది వారాలే మిగిలాయి.

ఇక్కడ ఇల్లు దొరకడం కష్టమని ముందే విన్నాను గానీ, ఇంత కష్టమని అనుకోలేదు. ఇప్పటికి నలభైకి పైగా ఇళ్లకు దరఖాస్తు పెడితే ఇద్దరే బదులిచ్చారు. ఒకరు ఇల్లు చూపించి, అప్పులు, బిల్లుల రికార్డు చూపే షూఫా పత్రం అడిగారు. నిన్నగాక మొన్న వచ్చిన మా దగ్గర అది ఎలా ఉంటుంది? రెండో ఆయన తాను వేరే దేశంలో ఉన్నానని, రెండు నెలల అడ్వాన్సు పంపిస్తే తాళాలు కొరియర్‌లో పంపుతానని రాశారు. ఫోటోల్లో ఇల్లు చాలా బాగుంది, అద్దె కూడా తక్కువే. డబ్బు పంపమంటారా?

రెండో విషయం. వచ్చిన మొదటి వారంలోనే నగర కార్యాలయానికి వెళ్లి అన్మెల్డుంగ్, అంటే ఈ చిరునామాలో ఉంటున్నామన్న నమోదు, చేయించుకున్నాము. పన్ను నంబరు పోస్టులో వస్తుందన్నారు. నాలుగు వారాలు గడిచినా అది రాలేదు, బ్యాంకు కార్డు కూడా రాలేదు. మొదటి జీతంలో నేను లెక్క వేసుకున్నదాని కంటే చాలా ఎక్కువ పన్ను కోశారు.

మూడోది చెప్పడానికే కష్టంగా ఉంది. నా భార్య హైదరాబాద్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేది. ఉదయం ఎనిమిదికి బడికి వెళితే, రోజంతా వందమందితో మాట్లాడి వచ్చేది. ఇక్కడ నేను సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే వరకు పాపతో తప్ప ఎవరితోనూ మాట్లాడే అవకాశం లేదు. అప్పటికి రాజమండ్రిలో రాత్రి పదిన్నర అవుతుంది కాబట్టి మా అత్తగారు పడుకుని ఉంటారు. పాపను పార్కుకు తీసుకెళితే జారుడుబల్ల మెట్ల దగ్గర నిలబడిపోతుంది. వెనకున్న పిల్లలు ఏదో అంటారు. తనను ఎక్కమంటున్నారో, పక్కకు తప్పుకోమంటున్నారో అర్థం కాక మా ముఖాల వైపు చూస్తుంది. ఇల్లు కుదిరే వరకు, కనీసం ఈ చలికాలం వరకైనా, ఇద్దరినీ రాజమండ్రి పంపించడం మంచిదేమో అనిపిస్తోంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాతకాపు సమాధానం

గౌతమీతీరం గారూ, ముందుగా ఒక్క మాట: ఆ రెండో ఆయనకు ఒక్క యూరో కూడా పంపవద్దు. యజమాని విదేశంలో ఉన్నానడం, అద్దె తక్కువ చెప్పడం, ఇల్లు చూపించకుండానే అడ్వాన్సు అడగడం, తాళాలు పోస్టులో పంపుతాననడం, ఈ నాలుగూ కలిసి వచ్చాయంటే అది మోసమే. ఇల్లు కళ్లారా చూసి, ఒప్పందం మీద సంతకాలు అయ్యేవరకు ఎవరికీ డబ్బు కట్టకూడదు.

నేను ఈ నగరంలో పదకొండేళ్లుగా ఉంటున్నాను, మూడు ఇళ్లు మారాను. మన వాళ్లు మొదట పొరపడేది గదుల లెక్క దగ్గరే. ఇక్కడ ప్రకటనలో రెండు గదుల ఇల్లు అని ఉంటే హాలు కూడా ఆ రెండింటిలోదే. అంటే మన సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లన్నమాట. అద్దెలోనూ రెండు అంకెలు కనిపిస్తాయి. కాల్ట్‌మీటె అంటే కేవలం ఇంటి అద్దె. హీటింగు, నీళ్లు, చెత్త, మెట్లు ఊడ్చే ఖర్చు లాంటివి కలిపితే వచ్చేది వార్మ్‌మీటె. కరెంటు, ఇంటర్నెట్ ఖర్చు సాధారణంగా ఆ రెండింటికీ బయటే ఉంటుంది. అడ్వాన్సు మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదని చట్టంలోనే ఉంది, దాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకు ఉంది. ఇక బ్రోకరు సంగతి: 2015 జూన్ నుంచి బ్రోకరును ఎవరు పెట్టుకుంటే వారే ఫీజు కట్టాలి. యజమాని పెట్టుకున్న బ్రోకరుకు మీరు డబ్బు ఇవ్వనక్కరలేదు.

మరో సంగతి విని చాలామంది నమ్మరు. ఇక్కడ చాలా ఇళ్లలో వంటగది ఖాళీగా ఉంటుంది. సింకు, పొయ్యి, అలమరాలు ఏవీ ఉండవు. గోడలోంచి పొడుచుకు వచ్చిన పైపులు మాత్రం ఉంటాయి. పాత అద్దెదారు తన వంటగదిని మీకు అమ్మజూపవచ్చు. ధర సరిగ్గా ఉంటే తీసుకోండి, ఎందుకంటే కొత్తది చేయించుకుంటే డబ్బుతో పాటు వారాలు కూడా ఖర్చవుతాయి. ఈ విషయం ప్రకటనలోనే రాసి ఉంటుంది కాబట్టి వెళ్లేముందే చూసుకోండి.

షూఫా అంటే అప్పులు, బిల్లులు సరిగా కడుతున్నారా లేదా అన్న రికార్డు. కొత్తగా వచ్చినవారి పేరు మీద అందులో ఏమీ ఉండదని యజమానులకూ తెలుసు. దానికి బదులు ఉద్యోగ ఒప్పందం, వచ్చిన జీతం స్లిప్పులు, పాస్‌పోర్టు, బ్లూ కార్డ్ ప్రతులు, కుటుంబాన్ని పరిచయం చేస్తూ జర్మన్‌లో ఒక పేజీ ఉత్తరం, వీటన్నిటినీ ఒకే పీడీఎఫ్‌గా సిద్ధంగా పెట్టుకోండి. ప్రకటన పడిన గంటలోపే పంపగలిగితే అవకాశం పెరుగుతుంది. ఆ ఉత్తరంలో మీ శ్రీమతి గారు లెక్కల ఉపాధ్యాయురాలని తప్పకుండా రాయండి. మా రెండో ఇంటి యజమానురాలు వచ్చిన దరఖాస్తుల్లో మాది ఎంచుకోవడానికి కారణం, మా ఆవిడ నర్సని అందులో చదవడమేనని తరువాత ఆమే చెప్పింది.

నగరం నడిబొడ్డునే ఇల్లు కావాలని పట్టుబట్టవద్దు. యూ6 మెట్రో చివర ఉన్న గార్షింగ్, ఎస్1 లోకల్ రైలు దారిలో ఉన్న ఉంటర్‌ష్లైస్‌హైమ్ లాంటి ఊళ్లలోనూ వెతకండి. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్నచోటు చూసుకుంటే ఇంకా మంచిది. జ్వరం వచ్చిన రోజున చారన్నం తెచ్చిపెట్టే మనిషి పక్క వీధిలో ఉండటం చిన్న విషయం కాదు.

ఇసార్‌ఒడ్డు సమాధానం

నేను మీ పోస్టు సంగతి మాత్రమే చెబుతాను. మీ అపార్ట్‌మెంట్ పోస్టుడబ్బా మీద, గుమ్మం బయట బెల్లు పక్కన మీ ఇంటిపేరు ఉందా?

ఇక్కడ చిరునామాలో ఫ్లాటు నంబరు సాధారణంగా ఉండదు. వీధి పేరు, ఇంటి నంబరు వరకే రాస్తారు. ముప్పై డబ్బాల్లో మీది ఏదో పోస్టుమ్యాన్ పేరు చూసే గుర్తుపట్టాలి. పేరు కనిపించకపోతే ఉత్తరం పంపినవారికే తిరిగి వెళ్లిపోతుంది. 2019లో నాకు ఇదే జరిగింది. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, డబ్బా మీద నేను నన్ను అందరూ పిలిచే పేరు రాసి అంటించాను. బ్యాంకు ఉత్తరం రెండుసార్లు వెనక్కి వెళ్లింది. చివరికి ఎదురింటి పెద్దాయన నన్ను డబ్బాల దగ్గరకు తీసుకెళ్లి, తన చేతిలోని నా ఉత్తరం మీది పేరును, డబ్బా మీది పేరును వేలితో ఒకదాని తరువాత ఒకటి చూపించాడు. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేకపోయినా ఆ రోజు విషయం అర్థమైంది.

అందుకని పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరును పెద్ద అక్షరాలతో రాసి, భవనం చూసుకునే వ్యక్తితో చెప్పి, ఈరోజే అంటించండి. మీ శ్రీమతి గారి ఇంటిపేరు పాస్‌పోర్టులో వేరుగా ఉంటే అదీ రాయండి. పన్ను నంబరు కేంద్ర పన్నుల కార్యాలయం నుంచి వస్తుంది. రాకపోతే వారి వెబ్‌సైట్‌లో మళ్లీ అడగవచ్చు. అదీ నమోదైన చిరునామాకు పోస్టులోనే పంపిస్తారు కాబట్టి ముందు పేరు అంటించడం ముఖ్యం. నంబరు కంపెనీకి అందాక, ఎక్కువగా కోసిన పన్నును సర్దుతారు. కంగారు పడవద్దు.

గోరింటాకు సమాధానం

నేను 2017లో మా వారి వెంట వచ్చాను. అందుకని మీ మూడో విషయం గురించి రాస్తున్నాను.

దయచేసి వాళ్లిద్దరినీ పంపించవద్దు. మొదటి చలికాలంలో నేను మూడు నెలలు విజయవాడ వెళ్లి వచ్చాను. తిరిగి వచ్చాక అంతా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. ఆ మూడు నెలల్లో మా వారికి ఆఫీసులో స్నేహితులు ఏర్పడ్డారు; నాకు మాత్రం వీధి మలుపులో బేకరీ ఆవిడ ముఖం కూడా కొత్తగానే ఉంది. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. ఆ చీకటి నిజంగానే మనసు మీద పడుతుంది. కాబట్టి బయటి పనులన్నీ ఉదయమే పెట్టుకోమనండి. ఫోను కూడా ఉదయమే చేయమనండి: ఇక్కడ తొమ్మిదైతే రాజమండ్రిలో మధ్యాహ్నం ఒంటిగంటన్నర, మీ అత్తగారు భోజనం చేసి తీరిగ్గా కూర్చునే వేళ.

జర్మన్ తరగతులకు ఇల్లు కుదిరే వరకు ఆగవద్దు. మ్యూన్షనర్ ఫోక్స్‌హోఖ్‌షూలె అనే వయోజన విద్యాసంస్థలో ఏమీ రానివారి స్థాయి నుంచి తరగతులు ఉంటాయి. నాతో చదివినవారిలో బ్రెజిల్, టర్కీ, వియత్నాం నుంచి వచ్చినవారు ఉండేవారు. అందరికీ రానిది జర్మనే కాబట్టి ఎవరికీ ఎవరి ముందూ సిగ్గుండేది కాదు. బ్లూ కార్డ్ ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉంది, ఆ మాట ఆమెకు గట్టిగా చెప్పండి. ప్రభుత్వ బడిలో బోధించాలంటే డిగ్రీకి గుర్తింపు, పైస్థాయి జర్మన్ కావాలి, దానికి ఏళ్లు పడుతుంది. అయితే లెక్కల ట్యూషన్ లాంటి పనులకు అంత దూరం వెళ్లనక్కరలేదు.

పాప విషయంలో మాత్రం ఆలస్యం చేయవద్దు. ఏడాది నిండిన పిల్లలకు శిశు సంరక్షణ కేంద్రంలో చోటు పొందే చట్టబద్ధమైన హక్కు 2013 ఆగస్టు నుంచి ఉంది. హక్కు ఉన్నా చోట్లు చాలవు. మ్యూనిక్ నగరపాలక సంస్థ కిటా ఫైండర్ వెబ్‌సైట్‌లో ఈ వారమే దరఖాస్తు పెట్టండి. పాతకాపు గారు చెప్పిన గార్షింగ్ వేరే పురపాలక సంఘం, అక్కడికి మారితే అక్కడ విడిగా దరఖాస్తు చేయాలి. ఇల్లు ఎంచుకునేటప్పుడు ఇదీ చూసుకోండి. చోటు దొరికాక మొదటి కొన్ని వారాలు తల్లో తండ్రో పాపతో పాటు అక్కడే కూర్చోవాలి. మొదట ఒక గంట, తరువాత పది నిమిషాలు బయటకు, ఆపైన అరగంట, అలా నెమ్మదిగా అలవాటు చేస్తారు. మా బాబు నా చున్నీ అంచు వదలకుండా ఎనిమిది రోజులు కూర్చున్నాడు. తొమ్మిదో రోజు రైలు బొమ్మ కోసం లేచి వెళ్లి, నేను ఉన్నానో లేదో వెనక్కి తిరిగి చూడలేదు. పార్కులో అయితే పాపకు ఒకే ఒక్క మాట నేర్పండి: ఇష్ బిన్ డ్రాన్, అంటే నా వంతు అని.

తెలుగువాళ్ల పక్కనే ఇల్లు చూసుకోమన్న పాతకాపు గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పండగలకు, ఆపదకు మనవాళ్లు కావాలి, నిజమే. కానీ బడి, పార్కు, డాక్టరు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఇల్లు రోజంతా ఇంట్లో ఉండే మనిషికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇల్లు చూడటానికి ఆమెను తప్పక తీసుకువెళ్లండి, ఆమె మాటకే ఎక్కువ విలువ ఇవ్వండి.

గౌతమీతీరం, ఆరు రోజుల తరువాత

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. కొరియర్‌లో తాళాలు పంపుతానన్న ఆయనకు ఇక బదులివ్వలేదు. రెండు రోజులకే ఆ ప్రకటన కనిపించకుండా పోయింది.

ఇసార్‌ఒడ్డు గారు చెప్పినట్టు కిందికి వెళ్లి చూస్తే, మా పోస్టుడబ్బా మీద అపార్ట్‌మెంట్ నడిపే సంస్థ పేరు తప్ప మా పేరు లేదు. ఆ సాయంత్రమే నా భార్య తెల్ల కాగితం మీద రెండు ఇంటిపేర్లూ స్కేలు పెట్టి రాసింది, పాప దాన్ని అరచేత్తో అదిమి అంటించింది. బ్యాంకు కార్డు నిన్న వచ్చింది. పన్ను నంబరు కోసం మళ్లీ దరఖాస్తు చేశాను.

రాజమండ్రి ప్రయాణం గురించి నా భార్యనే అడిగాను. అసలు ముందే అడగవలసింది. వెళ్లనని చెప్పి, జర్మన్ తరగతిలో చేరడానికి స్థాయి పరీక్ష ఏ రోజో అప్పటికే చూసి పెట్టుకున్న కాగితం చూపించింది. వచ్చే మంగళవారం ఉదయం తాను ఆ పరీక్షకు వెళుతుంది. నేను సగం రోజు సెలవు పెట్టి పాపను పార్కుకు తీసుకెళతాను. ఇష్ బిన్ డ్రాన్ అనడం వచ్చింది గానీ, ఇంకా మాతోనే అంటోంది.