న్యూస్టెడ్ మెటాలికాను వదిలాడా, వదిలేలా చేశారా?

నాలుగు తీగలు:
మొన్న వేరే చర్చలో ఒకాయన "జేసన్ న్యూస్టెడ్‌కి విశ్వాసం లేదు, అంత పెద్ద బ్యాండ్‌ని కాలదన్నుకుని పోయాడు" అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించట్లేదు. అందుకే ఈ చర్చ.

తెలియనివాళ్ళకి కథ ఇదీ. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో టూర్ బస్సు బోల్తాపడి, అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికాలో బేస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. 24 ఏళ్ళు. నెల తిరిగేసరికి ఆ చోట్లోకి న్యూస్టెడ్‌ని తీసుకున్నారు. అప్పటికి అతను ఫ్లాట్సం అండ్ జెట్సం అనే బ్యాండ్‌లో బేస్ వాయిస్తూ పాటలు కూడా రాసుకుంటున్నాడు. చేరాక "న్యూకిడ్" అని పేరుపెట్టి ఏడిపించారు. వాళ్ళు తిన్న బిల్లులు ఇతని హోటల్ గదికి రాయించారు. సరే, కుర్రచేష్టలు అనుకుందాం. 1988లో '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్' ఆల్బమ్ వచ్చింది. అందులో మొదటి పాట రాసినవాళ్ళలో ఇతని పేరుంది. పాట వింటే మాత్రం ఇతను లేడు! బేస్ అంత కిందికి దించేశారు. అలాంటి చోట 14 ఏళ్ళున్నాడండి. విశ్వాసం లేనిది ఎవరికి?

గట్టుమీద గిటార్:
ఆ ఒకాయన్ని నేనే. రాసిందానికి కట్టుబడే ఉన్నాను.

సౌండ్ బాక్స్ రాజోలు:
వినపడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ముందు మీరు దేంట్లో విన్నారో చెప్పండి. బేస్ లావు తీగ ఊరికే మీటితే 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌లోంచి అది రమ్మన్నా రాదు.

నాలుగు తీగలు:
ఫోన్ కాదు. పదేళ్ళు ఆర్కెస్ట్రాలో బేస్ వాయించినవాణ్ణి. హెడ్‌ఫోన్లో, బాక్సుల్లో, కారులో, అన్నిట్లో విన్నాను. లేదంటే లేదు.

చెరువు గట్టు:
మా ఊరి నిమజ్జనానికి రండి. బేస్ తప్ప ఇంకేమీ వినపడదు. నిరుడు మా గోడ గడియారం ఊడిపడింది.

గట్టుమీద గిటార్:
బేస్ వినపడిందా లేదా అన్నది కాదు నా మాట. అది 1988 సంగతి. అతను పోయింది 2001 జనవరిలో. మధ్యలో 1991 ఆల్బమ్‌లో బేస్ శుభ్రంగా వినపడుతుంది, ప్రపంచమంతా అమ్ముడుపోయింది. అప్పుడు వాటా తీసుకున్నాడు కదా? ఆ తర్వాత ఎకోబ్రెయిన్ అనే బ్యాండ్‌తో పక్కన ఇంకో దుకాణం పెడతానన్నాడు. మెటాలికాలో పాడుతూ గిటార్ వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్ కుదరదన్నాడు. ఊరేగింపు సగంలో ఉండగా డోలు దించి పక్క వీధి పెళ్ళికి పోతానంటే ఏ మేళం ఒప్పుకుంటుందండీ?

నాలుగు తీగలు:
1996లో కరోజన్ ఆఫ్ కన్ఫార్మిటీ అనే వేరే బ్యాండ్ వాళ్ళ ఆల్బమ్‌లో ఆ హెట్‌ఫీల్డే ఓ పాటకి గొంతు కలిపాడు. అది ఏ వీధి పెళ్ళండీ?

గట్టుమీద గిటార్:
ఒక పాటకి గొంతు కలపడానికీ, సొంతంగా ఆల్బమ్ వేసి అమ్ముకోవడానికీ తేడా లేదా? చుట్టపుచూపుగా వెళ్ళి భోంచేయడం వేరు, వేరు కాపురం పెట్టడం వేరు.

సౌండ్ బాక్స్ రాజోలు:
1988 వదిలేయకండి, అసలు విషయం అక్కడే ఉంది. మిక్సింగ్ చేసిన ఇద్దరిలో స్టీవ్ థాంప్సన్ ఇంటర్వ్యూలో చెప్పాడు. డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ బేస్ తగ్గించమన్నాడట. వినీ వినపడనట్టు తగ్గిస్తే, ఇంకో ఐదారు డెసిబెల్స్ దించమన్నాడట. రెండో కారణం కూడా ఉంది. హెట్‌ఫీల్డ్ గిటార్ వాయించిందే న్యూస్టెడ్ కూడా అచ్చుగుద్దినట్టు వాయించాడు. ఒకే గళ్ళ చొక్కా వేసుకుని ఇద్దరు పక్కపక్కన నిలబడితే సన్నవాడు కనపడడు కదా. అదన్నమాట. టూర్లు తిరిగి తిరిగి చెవులు పనిచేయలేదని హెట్‌ఫీల్డ్ కూడా తర్వాత ఒప్పుకున్నాడు. 2018లో మళ్ళీ విడుదల చేసినప్పుడూ బేస్ పెంచలేదు.

పాలకొల్లు మెటల్:
2011 అక్టోబరు 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో చూశా! ఢిల్లీ షో రద్దయిపోయి మనోళ్ళంతా టెన్షన్‌లో ఉన్నారు, ఇది జరిగింది. న్యూస్టెడ్ తర్వాత వచ్చిన రాబర్ట్ ట్రుహియో బేస్ కొడుతుంటే పక్కటెముకలు కదిలాయి. న్యూస్టెడ్ పోవడమే మంచిదైందేమో.

నాలుగు తీగలు:
ఆ ట్రుహియోకి 2003లో చేరుతున్నప్పుడే పది లక్షల డాలర్లు చేతిలో పెట్టారు. సినిమా తీసి మరీ చూపించుకున్నారు. న్యూస్టెడ్‌కి పెట్టింది హోటల్ బిల్లులు.

సన్నాయి మనవడు:
చిన్నప్పుడు మా తాతయ్య మేళంలో శృతి పట్టేది నేనే. పెళ్ళిలో సన్నాయినీ డోలునీ మెచ్చుకునేవారు, వందనోటు వాళ్ళ జేబుకే గుచ్చేవారు. నా వైపు చూసినవాడు లేడు. ఒకరోజు తెల్లవారుజాము ముహూర్తానికి తిత్తి మీద తలపెట్టి నిద్రపోయా. శృతి ఆగింది. తాతయ్య సన్నాయి నోట్లోంచి తీయకుండానే కాలితో ఒక్కటిచ్చాడు. పందిట్లో వంటవాళ్ళు కూడా తిరిగి చూశారు. బేస్ ఆగితే తెలుస్తుంది, ఉంటే తెలియదు. అంతే.

గట్టుమీద గిటార్:
మంచి కథే గానీ ఈ రోజుల్లో ఎవరూ తిరిగి చూడరు బాబూ. నేను 20 ఏళ్ళుగా ఆర్కెస్ట్రా నడుపుతున్నా. బేస్ మనిషిని తీసేసి కీబోర్డు కుర్రాడి ఎడం చేత్తో కానిచ్చేశాను. ఒక్క కమిటీవాడు, ఒక్క ప్రేక్షకుడు "బేస్ ఏదండీ" అని అడిగితే ఒట్టు.

నాలుగు తీగలు:
ఎక్కడ? ఏ ప్రోగ్రాంలో మొదలెట్టారు ఆ ఎడం చెయ్యి?

గట్టుమీద గిటార్:
ఎక్కడైతే ఏం?

నాలుగు తీగలు:
ఎక్కడో నేను చెబుతా. నరసాపురంలో పంటు ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళిన తీర్థంలో. నా బేస్ ఆంప్లిఫయర్‌ని, అదే ఆంప్‌ని, ఇద్దరం చెరో పక్కా పట్టుకుని రెండు మోటార్‌సైకిళ్ళ మధ్య ఇరికించాం. చినుకు పడుతోందని నా చొక్కా విప్పి దానిమీద కప్పా. ఆ రాత్రి మూడు గంటలు వాయించాను మాస్టారూ. వేళ్ళు పొక్కిపోయాయి. మర్నాడు మా తమ్ముడు ఫోన్‌లో తీసింది పెడితే అందులో నేను లేను. ఫోన్ కదా, వినపడదులే అనుకున్నా. తర్వాత వాడే ఫోటో చూపించాడు. సౌండ్ మిక్సర్ మీద తెల్ల టేపు అంటించి "బేస్" అని రాసుంది. ఆ బటన్ అడుక్కంటా దించేసి ఉంది.

చెరువు గట్టు:
ఓర్నాయనో.

గట్టుమీద గిటార్:
నువ్వా? ముందే చెప్పొచ్చుగా. సరే విను. ఆ రోజు అక్కడ ఎర్త్ సరిగ్గా లేదు. నీ ఆంప్ బుయ్యిమని ఒకటే మోత. ముందు వరసలో కమిటీవాళ్ళు చెవులు మూసుకుంటున్నారు. దించెయ్యమని సౌండ్ కుర్రాడికి సైగ చేసింది నేనే. నీకు చెబితే అలిగి స్టేజీ దిగిపోతావు. అప్పుడు పేమెంట్ ఎవడిస్తాడు?

సౌండ్ బాక్స్ రాజోలు:
అది ఎర్త్ లూప్ మోతైతే, వాయిద్యాన్ని మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె, డీఐ బాక్స్‌లో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది కదా! అది నొక్కితే మోత ఆగిపోయేదేమో. బేస్ దించక్కర్లేదు.

గట్టుమీద గిటార్:
పంచాయితీ పెట్రోమాక్స్ ఉన్న ఊళ్ళో డీఐ బాక్స్ అంట. నువ్వాగవయ్యా. ఏవయ్యా, నువ్వు చేసింది కూడా చెప్పు మరి. డిసెంబరులో ప్రోగ్రాములు ఒప్పుకున్నాక, నన్నొక మాటైనా అడక్కుండా క్రిస్మస్‌కి చర్చిలో వాయించడానికి పోయావు. అప్పటికప్పుడు మనిషి దొరక్క నేను ఎవరెవరి కాళ్ళు పట్టుకున్నానో నీకు తెలుసా?

నాలుగు తీగలు:
అక్కడ నేను కట్టిన పాట వాయించారు మాస్టారూ. అదే పాట మీకు మూడుసార్లు వినిపించా. "మనకెందుకురా కొత్తవి, జనం అడిగేవి వాయిద్దాం" అన్నారు. పదేళ్ళలో నాది ఒక్కటంటే ఒక్కటి స్టేజీ ఎక్కలేదు. న్యూస్టెడ్‌కి 14 ఏళ్ళలో మూడు పాటల మీద పేరుంది. నాకంటే వాడే నయం.

గట్టుమీద గిటార్:
బాగోలేదని నేను అన్లేదు.

నాలుగు తీగలు:
బాగుందని కూడా అన్లేదు.

పాలకొల్లు మెటల్:
అన్నయ్యలూ, 2009 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మాన సభలో న్యూస్టెడ్, ట్రుహియో ఇద్దర్నీ ఒకే స్టేజీ మీద పెట్టుకుని వాయించారు వాళ్ళు. వాళ్ళకి లేనిది మీకెందుకు?

నాలుగు తీగలు:
వాళ్ళు పిలిచారు తమ్ముడూ. అందుకని వెళ్ళాడు.

సన్నాయి మనవడు:
పోతూ పోతూ వదిలిన ప్రకటనలో బ్యాండ్‌ని ఒక్క మాట అన్లేదు అతను. వ్యక్తిగత కారణాలు, ఇన్నేళ్ళూ వాయిస్తూ ఒంటికి చేసుకున్న నష్టం అని రాశాడు. తల ఊపి ఊపి మెడ పోయింది పాపం.

గట్టుమీద గిటార్:
ఇందాకట్నుంచి ఏం రాయాలో తెలీక కూర్చున్నా. ఆ రాత్రి నీకు చెప్పాల్సింది. ఇంటర్వెల్‌లో టీ తాగేటప్పుడైనా చెప్పాల్సింది. క్రిస్మస్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను, అది నీ తప్పే. నీ ఆంప్ ఇంకా మా సావిట్లోనే ఉంది. వరదలప్పుడు మంచమెక్కించాం కాబట్టి తడవలేదు. వెనక చెక్క ఎలుకలు కొరికాయి.

నాలుగు తీగలు:
ఆదివారం వస్తా. పంటు ఆఖరి ట్రిప్పు ఇప్పుడు ఎన్నింటికి?

సౌండ్ బాక్స్ రాజోలు:
వస్తే ముందు ఎర్త్ చూసుకుని ప్లగ్ పెట్టండి. ఇంతకీ మొదటి ప్రశ్నకి నాకింకా జవాబు రాలేదు. కారులో విన్నానన్నారు, కారులో సబ్‌వూఫర్ ఉందా లేదా?