50-0 అయినా సరే, వంక పెట్టలేని బాక్సింగ్ రికార్డ్ అంటూ ఒకటుందా?

పటమట_జాబ్:
రాత్రి బెంజ్ సర్కిల్ దగ్గర టీ తాగుతూ మొదలైన గొడవ ఇది. టీ కొట్టాయన గ్లాసులు కడిగేసి బెంచీలు ఎత్తేసినా తెగలేదు, అందుకే ఇక్కడ పడేస్తున్నా. మా ఫ్రెండ్ ఏమంటాడంటే అమెరికా బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ 50-0, అంటే యాభై గెలిచాడు, ఒక్కటి ఓడలేదు, ఇంక మాట్లాడ్డానికేముంది, పోయి పడుకోండి అని. నేనేమో ఆ యాభయ్యోది ఎవరి మీదో చూడరా అన్నా. 2017లో కోనర్ మెక్‌గ్రెగర్, అప్పటిదాకా ప్రొఫెషనల్‌గా ఒక్క బాక్సింగ్ మ్యాచ్ కూడా ఆడనోడు, వాణ్ణి కొట్టి పాత హెవీవెయిట్ ఛాంపియన్ రాకీ మార్సియానో 49-0 దాటేశా అంటే ఎట్లా ఒప్పుకుంటాం? ఓడలేదు అంటే సరే, వంక లేదు అంటే మాత్రం నేనొప్పుకోను. ఏ బాక్సర్ అయినా సరే, ఒక్క పేరు చెప్పండి చూద్దాం.

అరండల్‌పేట_అన్న:
వంకలేనమ్మ డొంక పట్టుకు వేలాడిందంట, అట్లుంది నీ యవ్వారం. మెక్‌గ్రెగర్‌ని తీసెయ్, 49 ఉన్నాయిగా. 2001లో కోరలెస్ 33-0తో వచ్చాడు, వాణ్ణి ఐదుసార్లు కింద పడేశాడు మేవెదర్. 2013లో కానెలో కూడా ఓటమి లేకుండానే వచ్చాడు, 23 ఏళ్ళు, దిమ్మలాగున్నాడు, పాఠం చెప్పి పంపించాడు. కానెలోని కొడితే ఏందంటే కుర్రోడు ఇంకా పండలా అంటారు, ఫిలిప్పీన్స్ బాక్సర్ పాక్వియావ్‌ని కొడితే ముసలోడైపోయాడు అంటారు. మరి ఏ వయసోణ్ణి కొట్టాలో మీరే ఒక కాగితం మీద రాసివ్వండయ్యా, ఆ పిల్లోడు అదే కొడతాడు.

పటమట_జాబ్:
అన్నా, పాక్వియావ్ మాట మీరే తెచ్చారు కాబట్టి చెప్తున్నా. ఆ ఫైట్ గురించి 2009లోనే మాటలు నడిచాయి, జరిగింది 2015 మేలో. మధ్యలో 2012 డిసెంబర్‌లో మార్కెజ్ ఒక్క రైట్ (కుడిచేతి గుద్దు) ఇస్తే పాక్వియావ్ బోర్లా పడి కదల్లేదు. ఆలస్యానికి తప్పు ఇద్దరిదీ ఉంది, డోపింగ్ కోసం చేసే రక్త పరీక్షల గొడవ నాకూ తెలుసు, కానీ రికార్డ్‌లో అదంతా ఎక్కడుంది? గెలుపు అని ఒక ముక్క ఉంది, అంతే.

ఉయ్యూరు_పుంజు:
నాకు బాక్సింగ్ అంత తెలీదు గానీ ఇది మా ఊరి గొడవే. సంక్రాంతికి బరి దగ్గర ఎవడన్నా నా డేగ ఆరు పందేలు కొట్టింది అని మీసం తిప్పితే పెద్దోళ్ళు అడిగే మొదటి మాట "దేని మీద?" అనే. చూపుడు పందెంలో ఎదుటి పుంజుని చూసుకుని, బరువు చూసుకుని, ఇష్టమైతేనే దింపుతారు. ముసుగు పందెంలో అట్లా కుదరదు, గుడ్డ తీసేదాకా ఎదురుగా ఏముందో తెలీదు. మీ ప్రొఫెషనల్ బాక్సింగ్ మొత్తం చూపుడు పందెమే కదండీ. మేనేజరు, ప్రమోటరు, టీవీ వాళ్ళు కూర్చుని జోడీ కలుపుతారు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఆడేది ముసుగు పందెం. 2022లో, 2023లో ప్రపంచ ఛాంపియన్ అయిన పిల్ల పారిస్ ఒలింపిక్స్‌కి సీడింగ్ లేకుండా వెళ్తే రెండో బౌట్‌కే చైనా వూ యూ తగిలింది, టాప్ సీడ్, ఇంటికొచ్చేసింది. ఆ ఓటమిని, చూసి ఎంచుకున్న గెలుపుని ఒకే తక్కెట్లో వేస్తారా?

అరండల్‌పేట_అన్న:
పుంజు గారూ మీరు మాత్రం బాగా చెప్పారండీ, దండం. కానీ ఎంచుకోవడం తప్పంటే మార్సియానో సంగతేంది? జో లూయీని కొట్టేటప్పటికి లూయీకి 37, వాల్కాట్‌కి 38. అంతా ముసలోళ్ళే అని తేల్చేస్తారు. ఆ 38 ఏళ్ళ వాల్కాటే 1952లో మొదటి రౌండ్‌లో మార్సియానోని కింద కూర్చోబెట్టాడు, 12 రౌండ్లయ్యేసరికి ముగ్గురు జడ్జిల లెక్కలోనూ ముందున్నాడు. పదమూడోదాంట్లో ఒక్క రైట్‌తో అయిపోయింది. ఇది వంకా, గొప్పా, మీరే చెప్పండి.

పటమట_జాబ్:
గొప్పే అన్నా, ఎవరు కాదన్నారు? నేను గెలుపుల్ని తీసెయ్యమంటంలా. ఓటముల దగ్గరున్న ఆ సున్నాకి దండేసి కొబ్బరికాయ కొట్టొద్దంటున్నా. షుగర్ రే రాబిన్సన్‌ని చూడండి, 1943 ఫిబ్రవరిలో మొదటిసారి ఓడాడు, తనకంటే బాగా బరువున్న జేక్ లమోటా చేతిలో. మూడు వారాలకే మళ్ళీ వాడితోనే దిగి గెలిచాడు, మొత్తం ఆరుసార్లు కొట్టుకుంటే ఐదు రాబిన్సన్‌వే. కాగితం మీద 19 ఓటములుంటాయి, అందులో చాలా వరకు వయసు మళ్ళాక డబ్బుల కోసం 44 ఏళ్ళదాకా ఆడినప్పటివి. అయినా ఎక్కువమంది ఆయన పేరే ముందు చెప్తారు. ఇంకో తమాషా, అదే లమోటా 1947లో బిల్లీ ఫాక్స్‌తో ఓడింది కావాలనే ఓడానని 1960లో సెనేట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. అంటే ఫాక్స్ రికార్డ్‌లో ఒక గెలుపు కొన్నది. ఇట్లాంటి కాగితాన్ని పట్టుకుని దేవుడంటారేంటి?

కొరిటెపాడు_కార్నర్:
మెక్సికో బాక్సర్ చావెజ్‌ని మర్చిపోయారు. 1990లో మెల్డ్రిక్ టేలర్ పాయింట్లలో ముందున్నాడు, ఇంక రెండే సెకండ్లుంటే రిఫరీ ఆపేశాడు. 1993లో చావెజ్ 87-0తో విటేకర్ ముందుకొచ్చాడు, చూసినోళ్ళలో ఎక్కువమందికి విటేకర్ గెలిచినట్టే కనపడింది, ఇద్దరు జడ్జిలు 115-115 వేసి డ్రా చేశారు. సున్నా అట్టాగే మిగిలింది. నాలుగు నెలల తర్వాత ఫ్రాంకీ రాండల్ కింద పడేసి మరీ పట్టుకుపోయాడు.

నా ఓటు రికార్డో లోపెజ్‌కి. 51 గెలుపులు, ఒక డ్రా, ఓటమి లేదు. ఆ డ్రా కూడా రోసెండో ఆల్వారెజ్‌తో, తలలు గుద్దుకుని గాయమైతే ఆపేసింది, అదే ఆల్వారెజ్‌ని తర్వాత మళ్ళీ ఓడించాడు. దీనికి వంక పెట్టు చూద్దాం.

పటమట_జాబ్:
పెడతా. ఆయన ఎక్కువ కాలం ఏలింది 105 పౌండ్ల బరువు క్లాస్‌ని, అది 1987లో పుట్టింది, ఆయన 1990కే ఛాంపియన్. దాంట్లో ఆడేవాళ్ళే తక్కువ. ఆల్వారెజ్‌తో రెండోది కూడా స్ప్లిట్, అంటే ముగ్గురు జడ్జిల్లో ఒకడు అవతలోడికి ఇచ్చాడు. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా, ఇప్పటిదాకా వచ్చినవాటిల్లో చిన్న వంక ఇదే.

అరండల్‌పేట_అన్న:
నీకు బ్రహ్మ రాసిచ్చినా కింద సంతకం సరిగ్గా లేదంటావ్. పోనీ, 2002లో హోసే లూయిస్ కాస్టిలోతో జరిగిన ఫైట్ గురించి ఎందుకు మాట్లాడవు? మేవెదర్ ఓడాడని జనం ఏడ్చేది దాని గురించేగా. ముగ్గురు జడ్జిలూ మేవెదర్‌కే ఇచ్చారు.

పటమట_జాబ్:
ఇచ్చారు, అదే టీవీలో లెక్క చెప్పే హెరాల్డ్ లెడర్‌మన్ 115-111 కాస్టిలోకి ఇచ్చాడు. అందుకే నిన్న ఆదివారం సౌండ్ తీసేసి మళ్ళీ చూశా, వ్యాఖ్యాతల మాట, జనం అరుపులు రెండూ వద్దని. కరెంట్ బిల్లు వెనక పన్నెండు గళ్ళు గీసి, ప్రతి రౌండ్‌కి బెల్ కొట్టగానే పాజ్ చేసి రౌండ్ గెలిచినోడికి 10, రెండోవాడికి 9 వేసుకుంటూ పోయా. మొదట్లో మేవెదర్ దూరంగా ఉండి జాబ్‌తో (ముందు చేత్తో పొడిచే గుద్దు) ఆడుకున్నాడు, తర్వాత కాస్టిలో తాళ్ళ దగ్గరకి నెట్టి ఒంటి మీద కొట్టడం మొదలెట్టాడు. ఒంటి మీద పడే దెబ్బలు సౌండ్ లేకపోతే చిన్నగా కనపడతాయి, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. రెండు రౌండ్లు వెనక్కి తిప్పి చూసినా తేలక కొట్టేసి మళ్ళీ రాశా. చివరికి కాస్టిలోకి ఏడు రౌండ్లు, మేవెదర్‌కి ఐదు వచ్చాయి, ఆ కొట్టేసిన రెండింట్లో ఒకటి అటు తిప్పితే డ్రా, రెండూ తిప్పితే మేవెదర్‌ది.

పక్కన మా బాబాయ్‌కి కూడా ఒక కాగితం ఇచ్చా. ఆయన మేవెదర్ గెలిచాడన్నాడు. తీరా కాగితం చూస్తే తొమ్మిదో గడి ఖాళీ, ఇదేంటి బాబాయ్ అంటే కూర మాడుతుందని లేచెళ్ళా, ఆ రౌండ్ ఎవరిదో నువ్వే వేసుకో అన్నాడు.